ఫిరంగి ఎవరు?

మాటల పుట్టుపూర్వోత్తరాల గురించి పాఠకులు అడిగే సందేహాలకు ఈ శీర్షికలో జవాబులు ఇస్తూ వస్తున్నాం. ఈసారి అందిన ఉత్తరాల్లో అయిదు, ఒకరినొకరు ఎరగనివారు రాసినవే అయినా, దాదాపు ఒకే మాట చుట్టూ తిరిగాయి. అందుచేత మిగిలిన ప్రశ్నలను వచ్చే సంచికకు వాయిదా వేసి, ఈ పుటలను ఆ మాటకూ దాని చుట్టాలకూ కేటాయించాం.

ప్రశ్న: బొబ్బిలి దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. బొబ్బిలి యుద్ధం గురించి చెబుతూ 'ఫిరంగులు కోటగోడలను కూల్చాయి' అన్నప్పుడు ఒక పిల్లవాడు లేచి, 'హైదరాబాదులో మా మావయ్య తెల్లవాళ్ళను ఫిరంగీలు అంటాడండీ, మరి గోడలు కూల్చింది మనుషులా, ఆయుధాలా?' అని అడిగాడు. తరగతి గొల్లుమంది. నాకు జవాబు తోచలేదు. ఈ రెండూ ఒకే మాటేనా?
– ఒక ఉపాధ్యాయుడు, విజయనగరం జిల్లా

జవాబు: ఆ పిల్లవాడిని మా తరఫున అభినందించండి. రెండూ ఒకే మాట. ముందు అది మనుషుల పేరు, ఆయుధానికి తరువాత వచ్చింది. అంతకు ముందు మాటేమిటన్నది ఇంకా తమాషాగా ఉంటుంది, చివర్లో చెబుతాం.

రోము సామ్రాజ్యం కూలిపోతున్న రోజుల్లో, అంటే క్రీ.శ. 5వ శతాబ్దంలో, రైను నది పరిసరాల్లో ఉండిన ఫ్రాంకులనే తెగవారు పడమరకు విస్తరించి, అప్పట్లో గాల్ అని పిలిచే దేశాన్ని ఏలుబడిలోకి తెచ్చుకున్నారు. ఫ్రాన్సు అన్న పేరు వారి నుంచి వచ్చినదే. తూర్పున ఉన్న గ్రీకులూ అరబ్బులూ మాత్రం ఈ పేరును ఒక్క తెగకు పరిమితం చేయలేదు. పడమటి ఐరోపా నుంచి వచ్చిన ప్రతివాడూ వారికి ఫ్రాంకే. 1099లో జెరూసలేమును పట్టుకున్న శిలువ యోధుల్లో ఫ్రెంచివారి పాలు ఎక్కువ కావడంతో ఈ వాడుక మరింత స్థిరపడింది. అరబ్బీలో అది 'ఇఫ్రంజ్', 'ఫరంజ్' అయింది. ఫారసీలో ఆ దేశం 'ఫరంగ్', ఆ దేశస్థుడు 'ఫరంగీ'. మన దేశపు ఫారసీ, ఉర్దూ ఉచ్చారణలో మొదటి అక్షరానికి ఇకారం చేరి 'ఫిరంగీ' అయింది.

1498లో వాస్కో డ గామా కోళికోడు తీరానికి చేరేనాటికే అక్కడి రేవుల్లో వ్యాపారం చేస్తున్న అరబ్బులకూ పారసీకులకూ ఈ తెల్లవారిని ఏమని పిలవాలో తెలుసు. కొత్తగా వచ్చినవారి పేరు మనకు వారి నోటి నుంచి కాక, వారిని అంతకు ముందే ఎరిగినవారి నోటి నుంచి వచ్చిందన్నమాట. పోర్చుగీసువారు తమను తాము ఎన్నడూ ఫ్రాంకులని చెప్పుకోలేదు.

ఇక ఆయుధం సంగతి. ఆ కాలపు పడమటి ఓడల అంచుల మీద ఒక చిన్న తరహా ఫిరంగిని బిగించేవారు. దానిని కాస్త దగ్గరగా చూడడం అవసరం. మామూలు ఫిరంగిలో మందు, గుండు రెండూ మూతి వైపు నుంచే కూరాలి. ఒకసారి పేల్చిన తరువాత గొట్టం తుడిచి, మళ్ళీ మందు పోసి, పొడవాటి కడ్డీతో దట్టించేసరికి శత్రువు దగ్గరకు వచ్చేస్తాడు. ఈ చిన్న ఫిరంగికి అలా కాక వెనుక భాగంలో పైకి తెరుచుకున్న తొట్టి లాంటి చోటు ఉంటుంది. మందు దట్టించిన ఇనుప చెంబు ఒకటి, చేత్తో పట్టుకోవడానికి పిడి ఉన్నది, ఆ తొట్టిలో కూర్చుంటుంది. దాని వెనుక ఒక మేకును సుత్తితో కొట్టి బిగిస్తారు. పేలగానే మేకు ఊడదీసి, ఖాళీ చెంబు తీసి, ముందే నింపి పెట్టుకున్న మరో చెంబు పెడతారు. చెంబుకూ గొట్టానికీ నడుమ ఉన్న సందులోంచి పొగ, సెగ కొంత బయటకు పోయేవి, అందువల్ల దెబ్బలో బలం తగ్గేది. అయినా నాలుగైదు చెంబులు దగ్గర ఉంటే ఎడతెరిపి లేకుండా కాల్చవచ్చు. తూర్పు సముద్రాల్లో ఇది చూసినవారందరికీ 'ఫిరంగీల తుపాకీ'గా గుర్తుండిపోయింది. రోజూ వాడే మాటల్లో పొడుగు పేర్లు నిలవవు. 'తుపాకీ' రాలిపోయి 'ఫిరంగి' మిగిలింది. బనారసు చీరను ఊరికే బనారసు అన్నట్టే ఇదీ.

ఇది మనవారి పొరపాటేమో అనుకోనవసరం లేదు, ఎందుకంటే చైనాలోనూ సరిగ్గా ఇదే జరిగింది. అక్కడ పోర్చుగీసువారిని 'ఫోలాంగ్‌జీ' అన్నారు, అది ఫరంగీకి చైనా ఉచ్చారణ. 1520ల తొలినాళ్ళలో దక్షిణ తీరంలో జరిగిన పోరుల్లో వారి ఓడల నుంచి చిక్కిన ఈ చెంబు ఫిరంగులకూ అదే పేరు పెట్టి, తామే వందలాదిగా పోతపోయించారు. చివరకు 1562 నాటి ఒక తీరరక్షణ గ్రంథంలో, ఫోలాంగ్‌జీ అన్నది దేశం పేరు కానీ తుపాకీ పేరు కాదని ఒక అధికారి చదువరులకు విడమరచి చెప్పవలసివచ్చింది. మీ తరగతిలో పిల్లవాడు అడిగిన ప్రశ్నకు నాలుగున్నర శతాబ్దాల కిందటి జవాబు అది.

అయితే మన ఫిరంగి పోర్చుగీసు ఓడ దిగి నేరుగా తెలుగులోకి నడిచివచ్చిందని చెప్పడానికి లేదు. సముద్రానికి ఎంతో దూరంలో, కొండల నడుమ ఉన్న బజౌర్ కోట మీద 1519లో బాబరు దాడి చేసినప్పుడు, ఉస్తాద్ అలీ కులీ అనే అతడు 'ఫిరింగీ' పేల్చినట్టు బాబరు తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. తురుష్కుల, పారసీకుల నేలల మీదుగా ఈ మాట ఆయుధపు అర్థంతోనే అప్పటికి అంతవరకూ వచ్చి ఉంది. దక్కనుకు కూడా ఈ దారిన వచ్చిన గోలందాజులు, అంటే ఫిరంగుల పనివారు, తక్కువవారేమీ కాదు. బీజాపూరు బురుజు మీద సింహపు నోరు తెరుచుకుని ఉండే 'మలిక్-ఎ-మైదాన్' ఫిరంగిని 1549లో పోతపోసినవాడి పేరు మహమ్మద్ బిన్ హుసేన్ రూమీ. రూమీ అంటే తురుష్క రాజ్యం నుంచి వచ్చినవాడని అర్థం. కాబట్టి సముద్రపు దారిన వచ్చిన మాటా, నేల దారిన వచ్చిన మాటా దక్కనులో కలుసుకున్నాయని అనుకోవడమే సబబుగా కనిపిస్తుంది.

పొరుగువారి సంగతి చూస్తే మరాఠీలో 'ఫిరంగ్', 'ఫిరంగీ' అంటే ఫిరంగి కాదు, కత్తి! ఐరోపాలో సాగదీసిన తిన్నని పొడవాటి అలుగుకు మన దేశపు పిడి తొడిగి మరాఠా సర్దారులు వాడిన ఖడ్గానికి ఆ పేరు. ఫిరంగీల దగ్గర తమకు నచ్చిన సరుకు ఏదో దానికి వారి పేరు పెట్టారు. మరాఠావారికి నచ్చింది ఉక్కు, మనవారికి గుండెల్లో నిలిచింది ఆ మోత.

మరి తెలుగులో మనిషి అర్థం ఎందుకు వెనకబడి, ఆయుధం అర్థం ముందుకు వచ్చింది? దీనికి మాకు తోచిన కారణం ఒకటి ఉంది. మన తీరానికి వచ్చిన తెల్లవారు ఒక్క జాతివారు కారు. తెలుగువారు వారిని విడివిడిగా ఎరిగి, విడివిడిగానే పేర్లు పెట్టుకున్నారు. పోర్చుగీసువారు బుడతకీచులు, హాలండువారు వలందాలు, ఫ్రెంచివారు పరాసులు, మిగిలినవారు ఇంగిలీజులు. మచిలీపట్నంలో వలందపాలెం, పరాసుపేట, ఇంగ్లీషుపాలెం పేర్లు నేటికీ వినిపిస్తాయి. ఎవరి పేట వారికి ఉన్నప్పుడు, అందరినీ కలిపి పిలిచే ఫిరంగి అన్న పేరుకు పని తక్కువ. పని లేక ఖాళీగా ఉన్న మాటను ఆయుధం పట్టుకుపోయింది. హైదరాబాదు ఉర్దూలో అటువంటి విభజన లేదు కనుక అక్కడ ఫిరంగీ మనిషిగానే మిగిలాడు.

తెలుగు వ్యాకరణం కూడా ఈ రెంటినీ వేరుచేసి చూపిస్తుంది. మీ వాక్యాన్నీ మీ పిల్లవాడి వాక్యాన్నీ పక్కపక్కన పెడితే ఆ తేడా కనిపిస్తుంది. ఆయుధం అయితే 'ఫిరంగులు', మనుషులయితే 'ఫిరంగీలు'. కత్తి-కత్తులు, పిల్లి-పిల్లులు, తుపాకి-తుపాకులు అన్న వరసలో ఫిరంగి-ఫిరంగులు కూర్చుంది. అంటే ఆ మాట పూర్తిగా ఇంటిది అయిపోయింది. ఖైదీ-ఖైదీలు వరసలో నిలిచిన ఫిరంగీ ఇంకా అరుగు మీద కూర్చున్న చుట్టమే.

ఇప్పుడు బొబ్బిలికి వద్దాం. 1757 జనవరిలో కోట మీద గుండ్ల వాన కురిపించినది బుస్సీ నడిపిన ఫ్రెంచి సేన. బొబ్బిలి కథ పాడేవారి నోట ఆ సేన 'పరాసు'లది. ఫ్రాంకుల పేరే ఫ్రాన్సు అయి, ఆ దేశస్థులు తమ భాషలో తమను 'ఫ్రాన్సే' అని చెప్పుకుంటే, అది మన తీరంలో పరాసు అయింది. అదే ఫ్రాంకుల పేరు అరబ్బుల, పారసీకుల మీదుగా చుట్టు తిరిగి వచ్చి ఫిరంగి అయింది. ఒక్క పేరును మనం రెండుసార్లు, రెండు వాకిళ్ళలోంచి లోపలికి రానిచ్చాం. ఆ జనవరి ఉదయాన పరాసులు ఫిరంగులు పేల్చారంటే, మాటల లెక్క ప్రకారం ఫ్రాంకులు ఫ్రాంకులను పేల్చారన్నమాట. గోడలు కూల్చింది మనుషులా, ఆయుధాలా అంటే రెండూనని నిస్సంకోచంగా చెప్పండి.

మొదట్లో అట్టేపెట్టిన సంగతి ఇది. ఆ తెగకు ఫ్రాంకు అన్న పేరు ఎందుకు వచ్చిందంటే, పాత జెర్మానిక్ భాషల్లో విసిరే ఈటెకు ఉన్న పేరే దానికి మూలమని చాలామంది భాషావేత్తలు చెబుతారు. పాత ఇంగ్లీషులో 'ఫ్రాంకా' అంటే ఈటె. వారి ఇరుగుపొరుగైన సాక్సన్ల పేరు కూడా 'సాక్స్' అనే కత్తి నుంచే వచ్చిందంటారు కనుక ఈ ఊహకు బలం ఉంది. అదే నిజమైతే ఈటె నుంచి తెగకూ, తెగ నుంచి ఖండానికీ, ఖండం నుంచి మళ్ళీ ఆయుధానికీ ఈ పేరు వెయ్యేళ్ళకు పైబడిన కాలంలో ఒక చుట్టు తిరిగివచ్చింది.

ప్రశ్న: మాది కర్ణాటక సరిహద్దు. మా అమ్మమ్మ బొప్పాయిని 'పరంగిపండు' అనేది. మొన్న మూలికల దుకాణంలో 'పరంగిచెక్క' అని రాసి ఉన్న సీసా చూసి బొప్పాయి చెట్టు బెరడు కాబోలనుకున్నాను. దుకాణదారు నవ్వి కాదన్నాడు, ఏమిటో మాత్రం చెప్పలేదు.
– ఒక పాఠకురాలు, అనంతపురం జిల్లా

జవాబు: పరంగి కూడా పై జవాబులోని ఫరంగీయే. ఫకారం లేని తమిళం మొదలైన భాషల్లో అది పకారమయింది. మొదటి అక్షరంలో ఇకారం కాక అకారం నిలవడం చూస్తే, ఇది దక్కను దర్బారుల నుంచి కాక, రేవుల దారిన వ్యాపించిన రూపమని తోస్తుంది.

బొప్పాయి పుట్టిల్లు అమెరికా ఖండం. స్పెయినువారూ పోర్చుగీసువారూ 16వ శతాబ్దంలో దానిని తూర్పు దేశాలకు తెచ్చారు. కొత్త పండుకు తెచ్చినవాడి పేరు పెట్టడం లోకరీతి. కన్నడంలో బొప్పాయి 'పరంగి హణ్ణు', మీ అమ్మమ్మగారి మాట ఆ ఇరుగుపొరుగు నుంచి వచ్చినదే. చిత్రమేమిటంటే తమిళులు 'పరంగిక్కాయ్' అంటే గుమ్మడికాయ ఇస్తారు, మలయాళులు 'పరంగిమావు' అంటే జీడిమామిడి చెట్టును చూపిస్తారు, బాంకాకులో 'ఫరాంగ్' కావాలంటే జామకాయ చేతిలో పెడతారు. అక్కడ తెల్లవాడు కూడా ఫరాంగే. ఆ నాలుగూ వేరువేరు కాయలే అయినా నాలుగూ అమెరికా నుంచి వచ్చినవే. మనం గుమ్మడికీ జీడికీ జామకూ మన పేర్లే పెట్టుకుని, బొప్పాయి దగ్గర మాత్రం దాని విదేశీ పేరునే నోటికి వీలుగా తిప్పుకున్నాం.

పరంగిచెక్క కథ వేరు. అది చెక్క కాదు, బెరడూ కాదు, ఒక తీగ దుంప. ఎండాక అల్లంకొమ్ముకంటే లావుగా, గుబ్బలు గుబ్బలుగా, పైన ఎరుపు కలిసిన గోధుమరంగులో ఉంటుంది. కోస్తే లోపల పాలిపోయిన గులాబిరంగు. గట్టిదనం వల్ల చెక్క అన్నారు. హిందీలో దీనిని 'చోప్‌చీనీ' అంటారు, పేరులోనే చీనా ఉంది. అంటే ఇది ఐరోపాలోనూ అమెరికాలోనూ పుట్టలేదు. చైనా నుంచి తెచ్చి అమ్మినది పోర్చుగీసువారు కనుక దానికీ పరంగి పేరు తగులుకుంది. 1563లో గోవాలో అచ్చయిన పోర్చుగీసు వైద్యుడు గార్సియా ద ఓర్తా గ్రంథంలో ఈ వేరు గురించి ప్రత్యేకంగా చర్చ ఉంది.

ఈ దుంపకు అంత గిరాకీ ఎందుకు వచ్చిందో చెప్పకపోతే జవాబు సగమే అవుతుంది. దీనిని ముఖ్యంగా వాడినది సవాయి రోగానికి, అంటే సిఫిలిస్‌కు. ఆ రోగానికి 16వ శతాబ్ది వైద్యగ్రంథమైన భావప్రకాశంలో పెట్టిన పేరు 'ఫిరంగ రోగం'. అంతకు ముందటి ఆయుర్వేద గ్రంథాలకు తెలియని రోగాన్ని తెచ్చినవారి పేరుతోనే భావమిశ్రుడు నమోదు చేశాడు. మందుగా చెప్పిన వాటిలో చోప్‌చీనీ ఉంది. మలయాళంలోనూ ఆ రోగం 'పరంగిప్పుణ్ణు'. ఐరోపాలో మాత్రం ఎవరికి వారు పక్కవాడి మీదకు తోశారు. 1495 ప్రాంతంలో అది అక్కడ విజృంభించినప్పుడు ఇటలీవారూ జర్మనులూ ఫ్రెంచిరోగం అన్నారు, ఫ్రెంచివారు నేపుల్సు రోగం అన్నారు. అక్కడి ఫ్రెంచిరోగమూ ఇక్కడి ఫిరంగరోగమూ, ఒకరినొకరు అడగకుండానే, ఒకే తెగ పేరు మీద పడడం కాకతాళీయమే అయినా విచిత్రంగా కుదిరింది.

అన్నట్టు, మూలికల దుకాణంలో కొన్నది వైద్యుడికి చెప్పకుండా వాడవద్దు. పేరు తెలిసినంత మాత్రాన మోతాదు తెలిసినట్టు కాదు.

ప్రశ్న: మద్రాసులో పుట్టి పెరిగిన తెలుగువాణ్ణి. మా లోకల్ రైలు స్టేషను పేరు పరంగిమలై. దానికీ గుంటూరు దగ్గరి ఫిరంగిపురానికీ ఒకే కారణమా? అక్కడ ఎప్పుడో ఫిరంగులు ఉండేవా?
– ఒక పాఠకుడు, చెన్నై

జవాబు: పరంగిమలై అంటే పరంగుల కొండ. సెయింట్ థామస్ కొండ మీద 16వ శతాబ్దంలో పోర్చుగీసువారు గుడి కట్టుకుని స్థిరపడినందువల్ల వచ్చిన పేరు. కడలూరు దగ్గరి పరంగిపేట కూడా అంతే. పోర్చుగీసువారు దానిని కొత్త రేవు అనే అర్థంలో పోర్టో నోవో అన్నారు. 1781 జులైలో హైదరలీకీ ఇంగ్లీషు సేనాని ఐర్ కూట్‌కూ యుద్ధం జరిగింది అక్కడే. ఆనాడు అక్కడ ఫిరంగులు మోగిన మాట నిజమే కానీ ఊరి పేరు వాటిది కాదు, మనుషులది. తమిళంలో ఈ తికమకకు అవకాశమే లేదు. వారు ఒకే మాటను రెండుగా చీల్చుకుని, మనిషికి 'పరంగి' అనీ ఆయుధానికి 'పీరంగి' అనీ వాడుకుంటున్నారు. తెలంగాణలో రంగారెడ్డి జిల్లా చెరువులకు నీళ్ళు మళ్ళించడానికి నిజాం కాలంలో తవ్విన కాలువను 'ఫిరంగి నాలా' అంటారు. అది కూడా తెల్ల ఇంజనీరును గుర్తుచేసే పేరే తప్ప కాలువకూ ఆయుధానికీ సంబంధం లేదు.

ఫిరంగిపురం విషయంలో తొందరపడకూడదు. ఆ ఊళ్ళో కొండవీటి రాజు పెదకోమటి వేమారెడ్డి కాలపు శాసనం ఉంది, అది 15వ శతాబ్దపు తొలినాళ్ళది. పోర్చుగీసు ఓడలు మన దేశం ముఖం చూడడానికి దాదాపు తొంభై ఏళ్ళ ముందే అది పేరున్న ఊరు. కాబట్టి ఈనాటి పేరు చెవికి ఎలా వినిపిస్తుందో చూసి తెల్లవారి కథో ఫిరంగుల కథో అల్లడం న్యాయం కాదు.

ప్రశ్న: సంస్కృతంలో శతఘ్ని అనే చక్కని మాట ఉండగా ఫిరంగి ఎందుకు? రామాయణంలోనే శతఘ్నులు ఉన్నాయి కదా, అంటే మనకు ఫిరంగులు అప్పుడే ఉన్నట్టు కాదా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: లంక కోట మీద శతఘ్నులు ఉన్నట్టు వాల్మీకి చెప్పిన మాట నిజం. వందమందిని చంపేది అని దాని అర్థం, పేరులో మందూ లేదు, గొట్టమూ లేదు. ఇనుప ముళ్ళు దిగగొట్టిన పెద్ద దుంగగానో, రాతిగుండుగానో వ్యాఖ్యాతలు దానిని వివరించారు. తుపాకిమందు మన దేశానికి 13, 14 శతాబ్దాల్లో గానీ రాలేదు. ఫిరంగుల వాడుక ఆ తరువాతిది. కొత్త ఆయుధానికి గంభీరమైన పేరు కావలసివచ్చి ఆధునికులు పాత మాటను తెచ్చి తగిలించారు. అలా తగిలించడంలో తప్పు లేదు. తగిలించిన సంగతి మరిచిపోయి, పేరు ఉంది కనుక వస్తువూ అప్పుడే ఉందనడం తప్పు. విమానం అనే మాట పాతదే అయినా, విమానాశ్రయం రామాయణ కాలంలో లేదు కదా.

ప్రశ్న: తుపాకి మాత్రం అచ్చ తెలుగేనా? మా ఇంటిపేరు తుపాకులవారు. అలాగే ఈ కాలపు కుర్రాళ్ళు 'వాడు పెద్ద తోపు' అంటున్నారు. ఆ తోపు మామిడితోపా, తోపుడుబండి తోపా?
– ఒక పాఠకుడు, హైదరాబాదు

జవాబు: తుపాకి తురుష్క భాషది. వారి 'తుఫెక్' ఫారసీలో 'తుఫంగ్' అయింది, మరాఠీలో 'తుపక్', తమిళంలో 'తుప్పాక్కి', కన్నడంలోనూ తెలుగులోనూ తుపాకి. మొదట్లో తుఫెక్ అంటే నిప్పు లేని ఆయుధం. పొడవాటి గొట్టంలో చిన్న ఉండ పెట్టి, నోటితో 'తుఫ్' అని ఊది పిట్టలను కొట్టేవారు. ఆ ఊపిరి చప్పుడే పేరయింది. గొట్టంలోకి మందు వచ్చాక కూడా పేరు మారలేదు. తిరుక్కురళులో వాన గురించిన పద్యంలో 'తుప్పాక్కి' అన్న అక్షరాలు కనిపిస్తాయి. దానిని పట్టుకుని తిరువళ్ళువరుకు తుపాకీ తెలుసునని తమిళులు సరదాగా అంటుంటారు. అక్కడ దాని అర్థం 'ఆహారంగా చేసి' అని మాత్రమే.

మనం అరువు తెచ్చుకున్నది గొట్టం పేరే. లోపల పెట్టే 'మందు', 'గుండు' రెండూ మన మాటలే. గుండు అంటే ఎప్పటి నుంచో ఉన్న గుండ్రని రాయి. మందుకు రోగం కుదిర్చే పనీ, పేలే పనీ, ఇప్పుడు మత్తెక్కించే పనీ అన్నీ అప్పగించాం. మీ ఇంటిపేరు పూర్వులు చేసిన కొలువుకు గుర్తు కావచ్చు, గర్వపడండి. ఒక్క తుపాకి రాముడితో మాత్రం చుట్టరికం కలుపుకోకండి. తెలంగాణ ఊళ్ళలో ఖాకీ నిక్కరు, పాత టోపీ వేసుకుని, కొయ్య తుపాకీ భుజాన పెట్టుకుని, తన బంగ్లాల గురించీ జీతం గురించీ ఊపిరి తిప్పుకోకుండా కోతలు కోసే పిట్టలదొరకు అది మారుపేరు. ఇప్పుడు గొప్పలు చెప్పే ప్రతివాడినీ అలాగే అంటున్నారు.

ఇక తోపు. మామిడితోపు దక్షిణాది ద్రావిడ భాషలకు ఉమ్మడి ఆస్తి, తోట అనే అర్థం. తోపుడుబండి తోపుడు 'తోయు' అన్న క్రియ నుంచి వచ్చింది. కుర్రాళ్ళ తోపు ఈ రెండూ కాదనే మా అభిప్రాయం. అది ఉర్దూ 'తోప్', అంటే ఫిరంగి! హిందీ, ఉర్దూ మాట్లాడేవారు గొప్పలకు పోయేవాడిని 'నువ్వేమైనా తోపువా' అని ఎత్తిపొడుస్తారు. ఆ ఎత్తిపొడుపు హైదరాబాదు మీదుగా తెలుగులోకి వచ్చి, వెటకారం కాస్త తగ్గి, మెచ్చుకోలుగా మారింది. తురుష్క భాషలో తోప్ అంటే ముందు బంతి, ఆ తరువాత బంతి లాంటి గుండును విసిరే ఆయుధం. ఇస్తాంబులులో సుల్తానుల రాజభవనం 'తోప్‌కాపీ' అంటే ఫిరంగి ద్వారం. అదే ఊరి వీధుల్లో పిల్లలు కాలితో తన్నేది కూడా తోపే.

మీ ఊళ్ళోనే ఆబిడ్స్ దగ్గర గన్‌ఫౌండ్రీ ఉంది, వీలైతే ఒకసారి వెళ్ళి చూడండి. 1786లో రెండవ నిజాం కొలువులో ఉన్న ఫ్రెంచి సేనాని రేమండ్ అక్కడ ఫిరంగుల కార్ఖానా పెట్టించాడు. బస్సు దిగినవారు దాని ఆనవాళ్ళను గమనించకుండానే పక్క నుంచి వెళ్ళిపోతుంటారు. రేమండ్ అసలు సిసలు ఫ్రాంకు, పోతపోయించినవి ఫిరంగులు. అయినా పాత నగరవాసులు ఆ చోటును ఫిరంగి పేరుతో పిలవలేదు, 'తోప్ కా సాంచా', అంటే తోపుల అచ్చు, అన్నారు. 1798లో అతడు చనిపోయాక మలక్‌పేట వైపు కొండ మీద సమాధి కట్టారు. ఫిరంగి అన్న మాట అతడి పేరుకు కూడా అంటలేదు. జనం అతడిని 'మూసా రాం' చేసుకున్నారు, ఆ పక్కన వెలసిన పేట మూసారాంబాగ్ అయింది.